'నేనుండే ఇల్లు'లో 'లో' ఎటు పోయింది?

పోస్ట్: మా పాప తొమ్మిదో తరగతి. నోట్సులో 'దిస్ ఈజ్ ద హౌస్ ఐ లివ్' అని రాస్తే టీచరు ఎర్రపెన్నుతో చివర 'ఇన్' చేర్చారు. "నేనుండే ఇల్లు అనేగా రాశాను, అందులో 'లో' ఎక్కడుంది నాన్నా?" అని నిలదీసింది. నాకు నోరు పెగల్లేదు. పైగా వాక్యం చివర ప్రిపొజిషన్ రాయకూడదని మాకు బడిలో నూరిపోశారే!

జవాబు: పాప సరైన చోటే పట్టుకుందండీ. 'ఇంట్లో ఉంటాను' అన్నది 'ఉండే ఇల్లు' కాగానే విభక్తి రాలిపోతుంది. 'పెన్నుతో రాశాను' కాస్తా 'రాసిన పెన్ను'. 'పుస్తకం ఇచ్చిన అబ్బాయి' అంటే ఆ అబ్బాయి ఇచ్చాడో, అబ్బాయికే ఇచ్చారో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. ఉండే, రాసిన, ఇచ్చిన అనే ఈ ధాతుజ విశేషణాల తీరే అంత. ఇంగ్లీషులో 'విచ్' పోయినా ఫర్వాలేదు, 'ఇన్' పోకూడదు. 'ద హౌస్ ఐ లివ్ ఇన్' అందుకే ఒప్పు. 'ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్' అని 'ఇన్' ముందుకొస్తే మాత్రం 'విచ్' తప్పనిసరి, దాని బదులు 'దట్' కూడా పనికిరాదు. 'వేర్' వాడితే 'ఇన్' అక్కర్లేదు. మనవాళ్లు రెండూ పెట్టేస్తుంటారు, అదో తంటా.

పాపకి ఒక కిటుకు చెప్పండి. 'ఏ ఇంట్లో ఉంటున్నానో ఆ ఇల్లు', 'ఎవరికి ఇచ్చానో ఆ అబ్బాయి' అని మార్చి చూడమనండి. విభక్తి చెక్కుచెదరకుండా ఉంది కదా? 'ఇన్ విచ్', 'టు హూమ్' అవే.

ఇంకొకరు: చివర రాయకూడదన్న మాట మీద ఒక ముక్క. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి, బెన్ జాన్సన్ అనే నాటకకర్త రాసిన ఒక పంక్తి చివర 'ఫ్రమ్' ఉందని తప్పుపట్టాడు. తర్వాత తన పాత రచనలో అలాంటివీ దిద్దుకున్నాడు. 1762లో ఇంగ్లీషు వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అంత పట్టు పట్టలేదు. మామూలు మాటల్లో చివర ఉన్నా చెల్లుతుంది, గంభీరమైన రాతకి ముందుంటే నప్పుతుంది అన్నాడు. నా ఓటు లౌత్‌కే. కబుర్లలో 'ద మ్యాన్ టు హూమ్ ఐ స్పోక్' అంటే కోర్టు నోటీసు చదివినట్టుంటుంది. 'లుక్ ఆఫ్టర్' లాంటి జంటల్ని విడదీసి 'ద బేబీ ఆఫ్టర్ హూమ్ షి లుక్స్' అంటే ఇక నవ్వులే.

పోస్ట్ పెట్టినవారు: కిటుకు పనిచేసిందండీ. ఆ ఊపులో 'ద టౌన్ ఐ కేమ్ ఫ్రమ్' అన్నదాన్ని 'నేను వచ్చిన ఊరు' అని తెలుగు చేసింది. వాళ్ల నాయనమ్మ వెంటనే, "ఏ ఊరు వచ్చావే?" అంది.

జవాబు: నాయనమ్మ మాటే రైటు. 'లో', 'తో', 'కి' రాలినంత తేలిగ్గా 'నుంచి' రాలదు. 'ఏ ఊరి నుంచి వచ్చానో ఆ ఊరు' అనాల్సిందే.