సిల్వర్‌స్టోన్‌లో ఎఫ్1 రేసుకి అమ్మానాన్నలతో వెళ్తున్నాం, ఏం వేసుకోవాలి?

కృష్ణలంక_కుర్రాడు:
ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద జూలైలో జరిగే బ్రిటిష్ గ్రాండ్ ప్రికి (ఫార్ములా వన్, అంటే ఎఫ్1 కార్ల రేసు) ఆదివారం టికెట్లు దొరికాయి. నేను, మా ఆవిడ, ఆ టైముకి విజయవాడ నుంచి వస్తున్న అమ్మా నాన్న, మొత్తం నలుగురం. నాన్నకి డ్రైవర్ షూమాకర్ రోజుల నుంచి ఎఫ్1 అంటే ప్రాణం, బ్రెజిల్ రేసు వస్తే అర్ధరాత్రి దాటినా టీవీ ఆపనివ్వరు, అందుకే ఆ ఒక్క రోజు ఆయనకి ఏ ఇబ్బందీ లేకుండా గడవాలని నా టెన్షన్. మాకొచ్చిన స్టాండుకి (ప్రేక్షకులు కూర్చునే మెట్ల గ్యాలరీ) పైకప్పు లేదు. నాన్నేమో "బెజవాడ ఎండలు చూసినవాడికి ఇంగ్లండు ఎండ ఓ లెక్కా" అంటూ పొట్టి చేతుల చొక్కాలు, తోలు చెప్పులు సర్దుకుంటున్నారు. అమ్మ చీరే కట్టుకుంటానంటోంది. అక్కడికి పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఉంటే, తల నుంచి కాలి దాకా ఏం వేసుకోవాలో కాస్త చెప్పండి. వాళ్ళు బయల్దేరేలోపు విజయవాడలో కొనాల్సినవి కొనిపిస్తాను.

అపెక్స్_రాజు:
కాళ్ళతో మొదలుపెట్టు తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. కారు పెట్టేది గడ్డి మైదానాల్లో, అక్కడి నుంచి గేటుకి, గేటు నుంచి స్టాండుకి, మధ్యలో తిండికీ బాత్రూముకీ, అంతా నడకే. ట్రాక్ ఒక చుట్టే 5.891 కిలోమీటర్లు, అంటే ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళి చూద్దామనుకుంటే ఎంత దూరమో నువ్వే ఊహించుకో. ముందు రోజు వాన పడితే గడ్డంతా బురదే. 2000లో రేసుని ఏప్రిల్‌లో పెడితే పార్కింగు మైదానాలు ఎంత పాడయ్యాయంటే, శనివారం జనాన్ని రావద్దనే చెప్పాల్సి వచ్చింది. జూలైలో అంత ఘోరం ఉండకపోవచ్చు గానీ తోలు చెప్పులు మాత్రం వద్దు. నాన్నగారికి అడుగు గట్టిగా ఉన్న వాకింగ్ షూస్ ఇప్పుడే కొనిపించు, రోజూ పొద్దున్న వాకింగ్‌కి అవే వేసుకోమను. షుగర్ ఉంటే ఇది ఇంకా ముఖ్యం, కొత్త బూట్లతో నేరుగా అక్కడికొస్తే మధ్యాహ్నానికి బొబ్బలు ఖాయం. మేజోళ్ళు ఇంకో జత బ్యాగులో ఉండాలి.

రెండోది గాలి. సిల్వర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధంలో వాయుసేన విమానాశ్రయం, వెల్లింగ్టన్ బాంబర్లు ఎగిరిన రన్‌వేలు అవి, ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగాలకి హ్యాంగర్ స్ట్రెయిట్, వెల్లింగ్టన్ స్ట్రెయిట్ అనే పేర్లు అలా వచ్చినవే. చదునుగా, బయలుగా ఉంటుంది, గాలికి అడ్డే లేదు. ఫోన్లో 21 డిగ్రీలు అని చూపించినా మబ్బు పట్టి గాలి తిరిగితే స్టాండులో కదలకుండా కూర్చున్నవాళ్ళకి వణుకొస్తుంది. లోపల కాటన్ టీషర్టు, దానిమీద పల్చటి స్వెట్టరో ఫ్లీసో, పైన వాటర్‌ప్రూఫ్ జాకెట్, ఇలా వేసుకుంటే ఎప్పటికప్పుడు తియ్యొచ్చు, తొడుక్కోవచ్చు. ఒక్కటే మందపాటి కోటు తెస్తే ఎండలో మోయాలి, చలిలో చాలదు.

వానని తేలిగ్గా తీసుకోకు. 2024 రేసు పొడిగా మొదలై, మధ్యలో జల్లు పడి అందరూ కొద్ది తడికి వాడే ఇంటర్మీడియెట్ టైర్లకి మారి, మళ్ళీ ఆరితే పొడి ట్రాక్‌కి వాడే నున్నటి స్లిక్స్‌కి వచ్చారు, అంతా గంటన్నరలోపే. బ్రిటిష్ డ్రైవర్ హామిల్టన్ గెలిచాడు ఆ రోజు. 2025లో అయితే తడి ట్రాక్ మీదే మొదలెట్టారు, కాసేపటికి జోరున కురిసింది. డ్రైవర్లు టైర్లు మార్చుకుంటారు, స్టాండులో ఉన్నవాళ్ళు బట్టలు మార్చుకోలేరు కదా. జీన్స్ మాత్రం ఎవరూ వేసుకోవద్దు, ఒకసారి తడిసిందంటే సాయంత్రం దాకా ఆరదు.

నార్తాంప్టన్_పద్మ:
రాజు గారు చెప్పినవన్నీ నిజమే, నేను అమ్మగారి సంగతి చెప్తాను. మా అత్తగారిని తీసుకెళ్ళాం కాబట్టి చెప్తున్నా, చీర వద్దనే నా మాట. గాలికి పైట నిలవదు, మెట్లు నిలువుగా ఉంటాయి, కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కాలి, గడ్డిలో అంచు తడిస్తే ఇక రోజంతా కాళ్ళకి చుట్టుకుంటుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది బాత్రూములు. అక్కడ చాలావరకు ప్లాస్టిక్ డబ్బా టాయిలెట్లు, ఇరుకుగా ఉంటాయి, మధ్యాహ్నానికి నేల తడితడిగా ఉంటుంది. అక్కడ చీరతో పెద్దావిడ అవస్థ పడకూడదు. ఇది సిగ్గుపడి చెప్పకుండా ఉండే విషయం కాదని రాస్తున్నా. ప్యాంటు మోడల్ చుడీదారు, మోకాళ్ళ దాకా కుర్తా, మడమ జారని బూట్లు, అంతే. చున్నీ బదులు మెడకి పల్చటి స్కార్ఫ్ అయితే చలికీ ఎండకీ పనికొస్తుంది.

వాన_రేసు:
చీరలోనే సుఖంగా ఉండే మనిషిని బలవంతంగా చుడీదారులోకి దింపితే ఆవిడ రోజంతా ఇబ్బందిగానే ఉంటారండీ. ఆవిడకి ఇష్టమైతే జార్జెట్ చీర కాస్త పైకి కట్టి, పైటకి పిన్నులు గట్టిగా పెట్టి, లోపల లెగ్గింగ్స్ వేసుకోమనండి. గంజి పెట్టిన కాటన్ మాత్రం వద్దు. గొడుగు తీసుకెళ్ళినా స్టాండులో విప్పకండి, వెనకవాళ్ళకి ఏమీ కనపడదు, తిట్టుకుంటారు. తలకి టోపీ ఉన్న రెయిన్‌కోటే మేలు. సీట్లు తడిసి ఉంటాయి, కింద వేసుకోవడానికి ప్లాస్టిక్ షీటు, ఒక పాత తువ్వాలు పెట్టుకోండి.

కృష్ణలంక_కుర్రాడు:
చాలా థాంక్స్ అందరికీ. పద్మ గారూ, బాత్రూముల సంగతి నాకు తట్టనే లేదు, అమ్మతో మా ఆవిడ చేత మాట్లాడిస్తాను. ఇంకో రెండు: నాన్న ఇటలీ టీము ఫెరారీ ఎర్ర టీషర్టు వేసుకోవాలని ఆశపడుతున్నారు, ఇంగ్లండులో వేసుకుంటే బాగుంటుందా? చెవులకి ఏమైనా కావాలా?

అపెక్స్_రాజు:
నిస్సంకోచంగా వేసుకోమను. అక్కడ బ్రిటిష్ టీము మెక్‌లారెన్ నారింజ రంగు పక్కనే ఫెరారీ ఎరుపు కూర్చుంటుంది, ఎవరూ ఏమీ అనరు, పైగా హామిల్టన్ ఫెరారీకి వెళ్ళాక ఎరుపు ఇంకా పెరిగింది. జాకెట్ కింద కనపడదు కాబట్టి ఎర్ర టోపీ కూడా కొనిపెట్టు, కాకపోతే గాలికి ఎగిరిపోకుండా వెనక పట్టీతో బిగించుకునేది చూడు. చెవులకి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ తప్పకుండా తీసుకెళ్ళు. 2014లో హైబ్రిడ్ ఇంజన్లు (పెట్రోలుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్నవి) వచ్చాక ఎఫ్1 మోత పాత రోజులంత లేదు గానీ, ఆ వారాంతంలో ఎఫ్2, ఎఫ్3 అనే కింది స్థాయి రేసుల కార్లూ పరిగెడతాయి, బ్రిటిష్ వాయుసేన విన్యాసాల బృందం రెడ్ ఆరోస్ విమానాలు నెత్తిమీదుగా వెళ్తాయి. పెద్దవాళ్ళు పొద్దున్నుంచి అదే మోతలో ఉంటే తలనొప్పి పట్టుకుంటుంది.

నార్తాంప్టన్_పద్మ:
సన్‌స్క్రీన్ మర్చిపోకండి. బెజవాడలో ఎండైతే నీడకి పోతాం, ఇక్కడ చల్లగాలి తగులుతూ ఉంటే ఎండ తెలియదు, అలాగే కూర్చుంటాం. రేసు మొదలయ్యేది మధ్యాహ్నం 3కి, దానికి ముందు గంటల తరబడి ఎండలోనే ఉంటారు. నాన్నగారికి చెవుల మీదా మెడ వెనకా కూడా రాయండి, 3కి ముందు ఇంకోసారి.