పది డాలర్ల లోపు వైన్: మార్కులు వేసేటప్పుడు సీసా దాచాలా?

ఫ్రీమాంట్_మూర్తి:
నెలకోసారి నలుగురం కలిసి 10 డాలర్ల లోపు వైన్లు రుచి చూసి మార్కులు వేసుకుంటాం. ఇకమీదట సీసాలకు కాగితం సంచి తొడుగుదామంటే సగం మంది వద్దంటున్నారు. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులు దాన్ని రెడ్ వైన్‌లాగే వర్ణించారు. రంగుకే అంత మోసపోతే ధర తెలిశాక నాలుకను నమ్మొచ్చా?

కూకట్‌పల్లి_సుధ:
తొడగండి. పోయేదేముంది?

డాలస్_శేఖర్:
నేనొప్పుకోను. 7 డాలర్లకు తగ్గ సరుకా కాదా అన్నదే కదా ప్రశ్న. ధర తెలియకుండా ఏం తేలుస్తారు? అసలు ముందు వేడి సంగతి చూడండి. వేసవిలో మన ఇళ్లలో 26 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముక్కుకు ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తగలదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 16 డిగ్రీల దగ్గర పోయండి.

ఫ్రీమాంట్_మూర్తి:
వేడి గురించి ఎవరడిగారండీ? 2007 కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్‌లో చార్లెస్ షా అనే చవక బ్రాండు వాళ్ల 2 డాలర్ల షార్డొనేకి (అదో తెల్ల వైన్) ఆ రాష్ట్రంలోకెల్లా మేటి షార్డొనే అని బహుమతిచ్చారు. జడ్జీలకు సీసా చూపించి ఉంటే వచ్చేదా?

డాలస్_శేఖర్:
అదే ఫెయిర్‌లో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే వైన్ తయారీదారు ఒకే సీసాలోది మూడుసార్లు పోయించి జడ్జీలను పరీక్షించారు. మూడుసార్లూ ఇంచుమించు ఒకే మార్కు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. సంచి తొడిగితే సరిపోతుందా మరి?

గోదారోడు:
మిర్చి బజ్జీలు మాత్రం పక్కన పెట్టుకోకండి. నోట్లో కారం ఉంటే ఏ రెడ్ వైనైనా వగరుగా, మంటగానే ఉంటుంది.

డాలస్_శేఖర్:
మూర్తిగారూ, ధర దాచాలని మీకెందుకింత పట్టుదల?

ఫ్రీమాంట్_మూర్తి:
చెప్తాను వినండి. పోయిన దసరాకి మా తోడల్లుడింటికి 9 డాలర్ల గార్నాచా అనే రెడ్ వైన్ పట్టుకెళ్లాను. లేబుల్ చూసి, ఫోన్‌లో ధర వెతికి, "వంటకి పనికొస్తుందిలే" అని అందరి ముందూ నూనె సీసాల పక్కన పెట్టాడు. మూత కూడా తిప్పలేదు. చుక్క నోట్లో వేసుకోకుండానే తీర్పు చెప్పేశాడు!

డాలస్_శేఖర్:
తప్పు ఆయనది. దానికి మేమెందుకు ధర దాచాలి? ఈ దేశం వచ్చిన కొత్తలో 7 డాలర్లంటే నాకు లెక్కే, ఇప్పుడూ లెక్కే. చవకది ఏరి కొనడం కూడా ఒక నేర్పు. మీరు సంచి తొడిగితే నాకు చవక అన్న మాటే సిగ్గుపడాల్సినదన్నట్టు ఉంటుంది. నా బాధ అది.

ఫ్రీమాంట్_మూర్తి:
సిగ్గని నేననలేదు. ముందు రుచి మాట్లాడనివ్వండి అంటున్నాను.

కూకట్‌పల్లి_సుధ:
మూడు గ్లాసులు తీసుకోండి. రెండింట్లో ఒకే వైన్, మూడోదాంట్లో వేరేది. తేడా గ్లాసు పట్టుకోండి. ఊరికే వేలు పెట్టినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి చాలాసార్లు చేయాలి. తేడాయే దొరక్కపోతే మార్కులెందుకు?

డాలస్_శేఖర్:
ఇది బాగుంది, చేస్తాను. ధర మాత్రం ముందే కాగితం మీద రాసి టేబుల్ మీద పెడతాను.

ఫ్రీమాంట్_మూర్తి:
రాయండి, మడిచి పెట్టండి. మార్కులు వేశాకే విప్పాలి.

డాలస్_శేఖర్:
మడవను.