గొంగళి విప్పి కోక కట్టిన పురుగు

నాలుగేళ్ల మనవరాలికి ఎరిక్ కార్ల్ బొమ్మల పుస్తకం ‘ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్’ తెలుగులో చెబుతూ కొన్ని మాటల దగ్గర ఆగిపోయాను. 1969లో వచ్చిన పుస్తకం, అరవైకి పైగా భాషల్లోకి వెళ్లింది. ఇంగ్లీషులో ఉన్నవి 224 మాటలే కదా అని ధీమాగా మొదలుపెట్టాను.

‘క్యాటర్‌పిల్లర్’ను ‘గొంగళిపురుగు’ అన్నాను. ‘వెరీ హంగ్రీ’కి ‘ఆవురావురుమనే’ సరిపోయింది. ‘చాలా ఆకలిగా ఉన్న’ అంటే ఆకలి వినిపించదు. తరువాత సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు ‘తిన్నది’ అంటే పిల్ల ఒప్పుకోలేదు. పుస్తకంలో పండ్లకు నిజంగానే చిల్లులుంటాయి. వాటిలో వేలు దూర్చి, ‘తినలేదు తాతా, బెజ్జం పెట్టింది’ అంది. అప్పుడు తట్టింది ‘తొలిచింది’ అనే మాట. కార్ల్‌కు కాగితాల కట్టకు చిల్లులు పొడుస్తుంటే ఈ ఊహ వచ్చిందట. మొదట అది విల్లీ అనే పుస్తకాల పురుగు. సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్ సలహాతో క్యాటర్‌పిల్లర్ అయింది. కథ పుట్టిందే చిల్లులోంచి కాబట్టి తొలవక తప్పదు.

శనివారం కేకు, ఐస్‌క్రీము, సాసేజీ వగైరా పది రకాలు మెక్కి కడుపునొప్పి తెచ్చుకుని, ఆదివారం ఒక్క పచ్చని ఆకు తింటుంది. దానికి మన దగ్గర మాట సిద్ధంగా ఉంది: పథ్యం.

చిక్కల్లా ‘కకూన్’ దగ్గరే, పురుగు తన చుట్టూ అల్లుకుని లోపల రెక్కలు తెచ్చుకునే గూడు అది. పట్టుగూడు అనవచ్చా? ఇలా రాసి అడిగితే ఇద్దరు జవాబిచ్చారు.

— కకూన్ సంగతి తరువాత. ‘గొంగళిపురుగు’ మీదే నాకు అభ్యంతరం. గొంగళి అంటే ముతక ఉన్ని కంబళి. ‘గొంగళిలో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అంటామే, ఆ గొంగళి. ఒళ్లంతా బొచ్చున్న పురుగుకే ఆ పేరు తగును. మునగచెట్టు మీద గుంపులుగా ఉండి, తగిలితే దద్దుర్లు తెప్పించేవి అవే. పైగా అవి సీతాకోకచిలుకలు కావు, రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులవుతాయి. మన పెరట్లో సీతాకోకచిలుక కావాలంటే కరివేపాకు, నిమ్మ ఆకులు తినే నున్నటి ఆకుపచ్చ పురుగును చూడాలి. దానికి ఇంటి పేరంటూ ఒకటి ఉందా? ‘లద్దెపురుగు’ అంటే పొగాకు రైతు మందు డబ్బా వెతుక్కుంటాడు.

— పట్టుగూడు మాత్రం వద్దండీ. మాది హిందూపురం వైపు. పట్టుగూడు అంటే చంద్రికల (పట్టుపురుగులు గూళ్లు అల్లే తట్టల) మీంచి తీసి మార్కెట్‌కు పంపేది, వేడినీళ్లలో పడేది. అందులోంచి పురుగు రెక్కలతో బయటికొస్తే గూడుకు చిల్లుపడి దారం తెగిపోతుంది, రైతుకు నష్టం. మా పిల్లలకు ఆ మాట చెబితే కథ విషాదాంతమే.

ఇంకో సంగతి. సీతాకోకచిలుకలు సాధారణంగా పట్టుదారంతో గూడు అల్లుకోవు. లోపల గట్టి పొరతో తయారై, పాత చర్మం విడిచి వేలాడుతాయి. మన పాఠ్యపుస్తకాల్లో ‘ప్యూపా’ అన్నది అదే. అంటే కార్ల్ రాసిన ‘కకూన్’ శాస్త్రప్రకారం తప్పే. ఆయన రెండు సమాధానాలు చెప్పుకున్నారు: గూడు కట్టుకునే పర్నాసియన్ అనే అరుదైన జాతి ఒకటుందని, చిన్నప్పుడు వాళ్ల నాన్న తనను ‘నీ కకూన్‌లోంచి బయటికి రా’ అనేవారని. నాకు రెండోదే నచ్చింది. తండ్రి నోటి మాటను ‘ప్యూపా’ అని దిద్దడానికి చెయ్యి రాదు.

— ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒట్టి ‘గూడు’ అనే ఉంచుతాను. పిట్ట గూడనుకున్నా, సాలెగూడనుకున్నా నష్టం లేదు. ‘గొంగళి’ని మాత్రం వదలను, శాస్త్రం ఒప్పుకోకపోయినా. ఎందుకంటే మన భాషలో ఈ ప్రాణికి రెండు వయసుల్లోనూ బట్టల పేర్లే ఉన్నాయి. మొదట గొంగళి కప్పుకున్న పురుగు, చివరికి సీత కోక కట్టుకున్న చిలుక. ఇంగ్లీషు పేర్లలో ఈ కట్టుమార్పు లేదు. ‘సీతాకోక’ను ఇలా విడగొట్టడం జనం చెప్పుకునే వ్యుత్పత్తే కావచ్చు, నాలుగేళ్ల పిల్లకు అది చాలు.

నిన్న రాత్రి అలాగే చెప్పాను. అంతా విని, ‘మరి గొంగళి ఎక్కడ పెట్టింది?’ అంది. పాత చర్మం సంగతి మీరు రాసినది గుర్తుకొచ్చి, కొమ్మ మీదే విడిచేసిందన్నాను. ఈ ఉదయం నుంచి కరివేపాకు చెట్టు కింద వెతుకుతోంది.