లాక్‌డౌన్‌లో పనావిడకు ఇచ్చిన జీతం సాయమా, బాకీనా?

మియాపూర్‌వాసి:
మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పనివాళ్ల జీతాలు పెంచే మాట వచ్చింది. ఒకాయన లేచి, "కరోనాలో కూర్చోబెట్టి డబ్బులిచ్చాం, అప్పుడే మర్చిపోయారా" అన్నారు. చాలామంది తలూపారు. రెండు రోజులైనా ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అది సాయం కాదు, జీతం. ఇవ్వనివాళ్లు ఇంకా బాకీ ఉన్నట్టే.

ఎందుకంటే మా పనావిడ నాగా పెట్టలేదు. రావద్దన్నది మేము. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రాత్రే అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, రేపటి నుంచి పనివాళ్లను గేటు లోపలికి రానివ్వం అని. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆరున్నరకు ఎప్పటిలాగే వచ్చింది. బాల్కనీలోంచి చూస్తే వాచ్‌మన్ చేతులూపుతున్నాడు, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మా ఫ్లోర్ వైపు చూస్తోంది. ఫోన్ చేసి "మళ్లీ చెప్పేదాకా రావద్దమ్మా" అన్నాను. జీతం సంగతి ఆమె ఎత్తలేదు. "మరి రాత్రి అంట్లు ఎట్లక్కా?" అని అడిగింది.

ఆ నెల నాకు జీతం పూర్తిగా పడింది. మొదటి రెండు వారాలు మా టీమ్‌లో సగం మందికి ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్‌లకు కలిపే వీపీఎన్ సరిగ్గా కలవలేదు, జరిగిన పని అంతంతమాత్రం. అయినా మా కంపెనీలో ఎవరూ నాకు సాయం చేశామని అనలేదు.

కొండాపూర్ కుటుంబరావు:
ఒప్పుకోను. ఒప్పందం ఏమీ రాసుకోలేదు. పని చేస్తే జీతం, లేకపోతే లేదు. రేపు ఆమె చెప్పాపెట్టకుండా మానేస్తే నాకు నష్టం ఎవరిస్తారు? నేను ఏప్రిల్ వరకు ఇచ్చాను, మనసుండి ఇచ్చాను. దాన్ని బాకీ అంటే ఇచ్చినవాడికి విలువేం ఉంది?

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:
మేడమ్, మీది ఐటీ. నేను గవర్నమెంటు టీచర్ని. 2020 మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలూ మాకు సగం జీతమే వచ్చింది. ఇంటి లోను కిస్తీలు కొన్నాళ్లు ఆపుకునే మారటోరియం ఉన్నా, వడ్డీ పెరుగుతుందని భయపడి తీసుకోలేదు. పిల్లాడి కాలేజీ ఫీజు నెత్తిమీద ఉంది. మా పనావిడకు నెలకు 2500. మార్చి పూర్తిగా ఇచ్చాను, ఏప్రిల్, మే నెలలకు వెయ్యి వెయ్యి ఇచ్చాను. పైగా తెల్లకార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. నాకే సగం వచ్చినప్పుడు నేను ఆమెకు పూర్తిగా ఎలా ఇవ్వను? బాకీ అన్న మాట నిజంగా బాధ పెట్టింది.

అమీర్‌పేట కర్రీపాయింట్:
నాది ఇంకో బాధ. మా గిరాకీ అంతా హాస్టల్ పిల్లలే. లాక్‌డౌన్ మొదటి వారంలోనే హాస్టళ్లు ఖాళీ చేయించారు. పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు లైన్లు కట్టి పాసులు తీసుకుని బండ్ల మీద ఊళ్లకు బయల్దేరారు. ఆంధ్రా పిల్లలు సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు, కొందరు అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేశారు. ఆ రోజు చేసిన సాంబారు గిన్నె నిండా అలాగే ఉండిపోయింది. కూరగాయలు తరిగేందుకు, చపాతీలకు ఇద్దరు ఆడవాళ్లుండేవారు. ఏప్రిల్, మే వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వలేకపోయాను. దుకాణాలవాళ్లు కూడా జీతం కోయకుండా ఇవ్వాలని మార్చి 29న కేంద్రం ఆర్డరిచ్చింది, మే 18 నుంచి దాన్ని ఎత్తేసింది. ఆ ఆర్డరు వాట్సాప్‌లో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గల్లాపెట్టె ఖాళీ. ఎక్కణ్ణుంచి తేవాలి?

బోరబండ బిడ్డ:
మా అమ్మ నాలుగిళ్లలో పని చేసేది. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఒక ఇంటివాళ్లు మూడు నెలలూ ఒకటో తారీఖున నా నంబరుకు ఫోన్‌పే చేశారు, ఒక్కసారి కూడా మేం అడగలేదు. రెండిళ్లవాళ్లు మార్చితో ఆపేశారు. నాలుగో ఇంట్లో మార్చిలో కూడా తొమ్మిది రోజులు కోసి, 22 రోజులకే లెక్కగట్టారు. అమ్మకు చదువు రాదు. ఆ డబ్బు మూడుసార్లు లెక్కపెట్టించింది నాతో.

మాకు 1500 రాలేదు. మా కార్డు శ్రీకాకుళంలో మా నాయనమ్మ దగ్గరుంది. మూడు నెలలు అద్దె అడగొద్దని సర్కారు చెప్తే ఓనరు అడగలేదు, జూన్‌లో మొత్తం కలిపి అడిగాడు. అమ్మ చెవి కమ్మలు అప్పుడే తాకట్టుకు వెళ్లాయి.

కుటుంబరావు గారూ, మా అమ్మ నెలంతా పని చేశాక జీతం తీసుకునేది. అంటే ప్రతి నెలా ముప్పై రోజులు మిమ్మల్ని నమ్మి అప్పు పెట్టినట్టే. దానికి కూడా కాగితం రాసుకోలేదు కదండీ.

మాస్టారూ, మీ మీద నాకు కోపం లేదు. మీ జీతం కోశారు, నిజమే. కానీ ఆ కోసినది తర్వాత వాయిదాల్లో తిరిగి ఇచ్చేశారు కదా. ఎందుకిచ్చారు? అది మీదేనని లెక్కలో ఉంది కాబట్టి. మా అమ్మది ఎవరి లెక్కలోనూ లేదు.

అన్నా, మీ సంగతి వేరు. రానిది మీరెలా ఇస్తారు? ఒక్కటి అడుగుతాను. షాపు తెరిచాక పాతవాళ్లనే పిలిచారా?

అమీర్‌పేట కర్రీపాయింట్:
పిలిచానమ్మా. ఒకామె వచ్చింది, ఇప్పటికీ ఉంది. రెండో ఆమె పిల్లల్ని తీసుకుని వనపర్తి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కొండాపూర్ కుటుంబరావు:
మీ అమ్మగారి కష్టం కాదనను. కానీ ఇల్లు కంపెనీ కాదు, సంసారం. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు ఇచ్చారు. నా మాట మారదు.

మియాపూర్‌వాసి:
శక్తి ఉండి కూడా కోసినవాళ్ల గురించే నేను అడుగుతున్నానండీ. మా బ్లాకులో అందరికీ జీతాలు వచ్చాయి. వాకింగ్ ట్రాక్ పనులు కూడా ఆ ఏడాదే చేయించుకున్నాం.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:
నిన్న రాత్రి అమ్మాయి రాసింది చదివి ఊరుకోలేకపోయాను. నాకు రావాల్సిందంతా వచ్చేసింది, నిజమే. మా పనావిడకు నేను కోసింది 3000. ఇప్పటికీ మా ఇంట్లోనే చేస్తోంది. ఒకటో తారీఖున జీతంతో కలిపి ఇద్దామని మా ఆవిడ అంది. ఇన్నేళ్ల తర్వాత ఏమని చెప్పి ఇవ్వాలో తెలియడం లేదు.

బోరబండ బిడ్డ:
పాత జీతం అని చెప్పండి మాస్టారూ.