ఒక్క బకెట్‌కే చల్లబడిపోతున్న గీజర్ నీళ్లు: పెద్ద గీజర్ కొనక తప్పదా?

ప్రశ్న – నయీంనగర్ నివాసి, హనుమకొండ

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 15 లీటర్ల నిలువు గీజర్ ఉంది, దాని ఎలిమెంటు (నీళ్లు కాచే కాయిల్) 2000 వాట్లది. పోయిన చలికాలం ఒకసారి కాగిన నీళ్లకు చన్నీళ్లు కలుపుకొని నేనూ మా ఆవిడా ఒకరి తర్వాత ఒకరం స్నానం ముగించేవాళ్లం. ఈసారి మొదటి సగం బకెట్ చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చి, ఆపైన క్రమక్రమంగా వేడి తగ్గుతూ, బకెట్ నిండేసరికి గోరువెచ్చగా మిగులుతున్నాయి. రెండో మనిషికి దాదాపు చన్నీళ్లే గతి.

వానాకాలంలో బాత్‌రూం టైల్స్ మార్పించినప్పుడు గీజర్‌ను దించి, పని అయ్యాక మళ్లీ బిగించారు. మేడ మీది ట్యాంకులోకి నల్లా నీళ్లూ బోరు నీళ్లూ రెండూ ఎక్కుతాయి. చూడటానికి వచ్చిన మెకానిక్ కాయిల్‌కు ఉప్పు పట్టిందని, కొత్తది వేయాలని అన్నాడు. దుకాణంలో అడిగితే ఇద్దరికి 15 లీటర్లు ఎలాగూ చాలవు, 25 లీటర్లది తీసుకోండి అన్నారు. డబ్బు ఖర్చు పెట్టేముందు అసలు కారణం ఏమిటో తెలుసుకోవాలనుకుంటున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – కాజీపేట వాసి

మా ఇంట్లోనూ ఇదే బాధ ఉండేది. 25 లీటర్లది పెట్టించుకున్నాక మళ్లీ ఆ మాటే లేదు. చలి రోజుల్లో ట్యాంకు నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో మీకు తెలియనిది కాదు కదా, చిన్న గీజర్‌తో వేగడం కష్టం.

జవాబు – విశ్రాంత ఐటీఐ బోధకుడు

కాజీపేట సోదరుని మాట కొట్టిపారేయదగినది కాదు గానీ, పోయిన చలికాలం ఇద్దరికి సరిపోయిన గీజరే ఇప్పుడు ఒక్కరికి కూడా చాలడం లేదంటే లోపం దాని పరిమాణంలో ఉండే అవకాశం తక్కువ. ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: నీళ్లు సరిగా కాగడం లేదా, లేక కాగిన నీళ్లు మీ దాకా రావడం లేదా? ఈ రెండింటినీ విడదీయకుండా కాయిల్ మార్చినా గీజర్ మార్చినా అది చీకట్లో చేసే పనే అవుతుంది.

విడదీయడానికి ఒక గడియారం చాలు. నీళ్లు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కోరినంత కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల దగ్గర ఉంచి స్విచ్ వేయండి, ఎర్ర లైటు ఎన్ని నిమిషాలకు ఆరుతుందో చూడండి. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.7 యూనిట్ కరెంటు కావాలి, 2000 వాట్ల ఎలిమెంటు ఆ పనిని 21 నిమిషాల్లో చేస్తుంది. కొంత వేడి బయటికి పోతుంది కనుక 20 నుండి 25 నిమిషాల మధ్య లైటు ఆరితే కాయిల్, థర్మోస్టాట్ రెండూ బాగున్నట్టే లెక్క. మరీ ముందుగా ఆరితే థర్మోస్టాట్ వైపు చూడాలి. చాలా ఆలస్యమైతే వోల్టేజీని అనుమానించాలి, ఎందుకంటే ఎలిమెంటు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యను) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే కాయిల్ 180 వోల్టుల దగ్గర దాదాపు 1225 వాట్లే ఇస్తుంది, అప్పుడు 21 నిమిషాల పనికి 34 నిమిషాలు పడుతుంది. తెల్లవారుజామున వీధిలోని గీజర్లన్నీ ఒకేసారి నడిచే వేళ ఇది జరుగుతూనే ఉంటుంది. వోల్టేజీ రోజూ అలా పడిపోతుంటే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

అయితే మీరు రాసిన దానిలో నాకు ముఖ్యమనిపించినది వేరే ఉంది. నీళ్లు "క్రమక్రమంగా" చల్లబడుతున్నాయని రాశారు. సరిగా బిగించిన గీజర్ అలా ప్రవర్తించదు. వేడి నీళ్లు తేలిక కనుక పైన నిలుస్తాయి, చన్నీళ్లు అడుగున చేరతాయి. ఇంట్లో గోడకు తగిలించే నిలువు గీజర్‌కు రెండు గొట్టాలూ కిందినుండే కనిపించినా, లోపల చన్నీళ్ల గొట్టం అడుగునే ఆగిపోతుంది, వేడి నీళ్ల గొట్టం మాత్రం దాదాపు పైకప్పు వరకు వెళుతుంది. అందువల్ల కొత్తగా వచ్చే చన్నీళ్లు కాగిన నీళ్లను అడుగునుండి పైకి నెడుతూ ఉంటే, నిలువలో ఎక్కువ భాగం ఖాళీ అయ్యేవరకు వేడి నిలకడగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. మొదటినుండీ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తున్నదంటే లోపల చన్నీళ్లు, వేడి నీళ్లు కలిసిపోతున్నాయన్నమాట. దీనికి కారణాలు రెండే ఎక్కువగా చూశాను: లోపలి పొడవాటి గొట్టం తుప్పుపట్టి విరగడం, లేదా బయటి పైపులు రెండూ తారుమారుగా బిగించడం. టైల్స్ పని తర్వాత మొదలైందంటున్నారు కనుక రెండోదానిమీదే నా అనుమానం.

గీజర్ కింద చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట నీలి రింగు, వేడి నీళ్లు వచ్చే చోట ఎర్ర రింగు ఉంటాయి. ఒత్తిడి పెరిగితే నీళ్లను బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ ఉండవలసింది నీలి రింగు వైపు. స్విచ్ ఒక్కటే కాక ఎంసీబీ (కరెంటు బోర్డులోని రక్షణ స్విచ్) కూడా దించిన తర్వాతే గీజర్ దగ్గరికి వెళ్లండి.

నయీంనగర్ నివాసి

సార్, ఇంత ఓపికగా వివరించినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు చూస్తే లైటు 22 నిమిషాలకు ఆరింది. అంటే కాయిల్ మార్చవలసిన పని లేదనే నాకు అర్థమైంది. రింగుల సంగతే తేలలేదు, టైల్స్ పనిలో వాటిని తీసేశారో ఏమో, రెండు వైపులా ఏ రంగూ లేదు. ఎటు చన్నీళ్లవో, ఎటు వేడి నీళ్లవో ఎలా గుర్తించాలి?

విశ్రాంత ఐటీఐ బోధకుడు

కంపెనీవారు ఇచ్చిన పుస్తకంలో గానీ గీజర్ అడుగున అంటించిన కాగితం మీద గానీ బొమ్మ ఉంటే అదే ప్రమాణం. లేకపోతే నీళ్లే చెబుతాయి. ఎంసీబీ దించి, నీళ్లు పూర్తిగా చల్లారనిచ్చి, ట్యాంకు నుండి వచ్చే వాల్వ్ కట్టేసి, ప్లంబర్ చేత రెండు పైపులనూ సేఫ్టీ వాల్వ్‌నూ విప్పించండి. లోపల పొడవాటి గొట్టం ఉన్న రంధ్రం నుండి కొద్దిపాటి నీళ్లు వచ్చి ఆగిపోతాయి, అక్కడినుండి గాలి లోపలికి పోతుంది. రెండో రంధ్రం నుండి మాత్రం గీజర్ మొత్తం ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యే ఆ రంధ్రమే చన్నీళ్లది. రెండు వైపులనుండీ ధార ఆగకుండా వస్తే లోపలి గొట్టం విరిగిందని అనుమానించాలి. తిరిగి బిగించాక వేడి నీళ్ల నల్లా తెరచి, ధార గాలి బుడగలు లేకుండా నిండుగా వచ్చేవరకు స్విచ్ వేయకండి, నీళ్లు లేని గీజర్‌లో కాయిల్ కాలిపోతుంది.

ప్రశ్న – జనగామ నుండి మరొక సభ్యురాలు

ఇదే చోట అడుగుతున్నందుకు మన్నించండి. మాది 25 లీటర్ల గీజర్, పూర్తిగా బోరు నీళ్లే. మాకు లైటు 8 నిమిషాలకే ఆరిపోతోంది. నీళ్లు వేడిగానే మొదలవుతాయి గానీ ఒక బకెట్ కూడా సరిగా రావు. మరగకాచిన గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది.

విశ్రాంత ఐటీఐ బోధకుడు

అమ్మా, మీ లెక్క వేరు. 25 లీటర్లకు అవే 40 డిగ్రీలు పెరగాలంటే 2000 వాట్ల కాయిల్ 35 నిమిషాలు పనిచేయాలి. 8 నిమిషాలకే ఆగిందంటే నీళ్లన్నీ కాగకముందే థర్మోస్టాట్ కాగాయని అనుకుంటున్నదన్నమాట. ఎవరైనా నాబ్‌ను తగ్గించి పెట్టారేమో మొదట చూడండి. అది కాకపోతే తెల్లటి పొరే కారణం కావచ్చు. మన వైపు రాతి నేలల్లోని బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటం మామూలే. తాగునీటి కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే ఆధారం లేనిచోట 600 వరకు మాత్రమే అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అలాంటి నీళ్లు వేడెక్కినప్పుడు సున్నం విడివడి కాయిల్ చుట్టూ గట్టిపడుతుంది. థర్మోస్టాట్ గొట్టం కాయిల్ పక్కనే ఉంటుంది కాబట్టి రెండింటినీ కలిపి సున్నం కప్పేస్తే, కాయిల్ వేడి నీళ్లకంటే ముందు థర్మోస్టాట్‌కు తగిలి కరెంటు ఆగిపోతుంది.

సున్నం పట్టిన కాయిల్ రెట్టింపు కరెంటు తాగుతుందని చాలామంది అంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. అది తీసుకునే కరెంటు అంతే, దాని వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. అసలు నష్టం ఏమిటంటే, వేడి బయటికి త్వరగా పోలేక కాయిల్ తానే అతిగా కాగి తొందరగా పాడవుతుంది. మెకానిక్ చేత అడుగున ఉన్న ప్లేటు విప్పించి కాయిల్‌నూ ట్యాంకు అడుగునూ శుభ్రం చేయించండి. అదే సమయంలో మెగ్నీషియం రాడ్ సన్నబడిందేమో చూడమనండి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే, అరిగిపోతే మార్చాలి. ఆ తర్వాత థర్మోస్టాట్‌ను 50–55 దగ్గర ఉంచితే సున్నం నెమ్మదిగా పేరుకుంటుంది. కాకపోతే కలుపుకోవడానికి వచ్చే నీళ్లు తగ్గుతాయి: 20 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెచ్చుకుంటే, 60 దగ్గర కాగిన 25 లీటర్లు లెక్కప్రకారం 50 లీటర్లవుతాయి, 50 దగ్గర కాగినవి 37 లీటర్లకు కొంచెం పైన మాత్రమే.

నయీంనగర్ నివాసి

సార్, ప్లంబర్‌ను పిలిపించి మీరు చెప్పిన పద్ధతిలోనే చూశాం. సేఫ్టీ వాల్వ్ ఉన్న వైపునుండి కొద్దిగా నీళ్లు వచ్చి ఆగాయి, రెండో వైపునుండి గీజర్ అంతా ఖాళీ అయింది. పైపులు తారుమారైన మాట నిజమే. మార్చి బిగించాక ఇద్దరి స్నానాలూ మునుపటిలాగే సాగుతున్నాయి. పాత వాల్వ్ దెబ్బతినడంతో కొత్తది వేయించాం, ఇప్పుడు స్విచ్ వేసిన కాసేపటికి దాని చిన్న గొట్టం నుండి చుక్కలు పడుతున్నాయి. ప్లంబర్ ఆ గొట్టానికి బిరడా బిగిస్తానంటున్నాడు. బిగించమనమంటారా?

విశ్రాంత ఐటీఐ బోధకుడు

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 20 నుండి 60 డిగ్రీలకు కాగేటప్పుడు నీళ్ల పరిమాణం సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, అంటే మీ 15 లీటర్లకు దాదాపు ఒక గ్లాసు. చన్నీళ్ల వైపు వాల్వ్ ఆ నీటిని వెనక్కి పోనివ్వదు కనుక అది ఆ చిన్న గొట్టం గుండా చుక్కలుగా బయటికి రావలసిందే. దాన్ని మూసేస్తే, థర్మోస్టాట్, దాని వెనుక ఉండే కటౌట్ (నీళ్లు అతిగా కాగితే కరెంటు తెంచేది) రెండూ ఏదో ఒకరోజు పనిచేయకపోయినప్పుడు లోపలి ఒత్తిడి బయటపడే దారి ఉండదు, ట్యాంకు పగిలే ప్రమాదం ఉంటుంది. ఆ గొట్టానికి సన్నని రబ్బరు పైపు తగిలించి నీళ్లు పోయే జాలీ దగ్గర వదలండి, రెండో కొన తెరిచే ఉంచండి. స్విచ్ ఆపి ఉన్నప్పుడు కూడా చుక్కలు ఆగకపోతేనే వాల్వ్‌లో లోపం ఉన్నట్టు, అప్పుడు దుకాణంలో మార్పించుకోండి.