క్రీట్‌లో సమారియా లోయ: అమ్మానాన్నలతో కింది వైపు నుంచి నడవడం మేలా?

సెప్టెంబరు చివర్లో గ్రీసు దీవి క్రీట్‌కు వెళ్తున్నాం, బస హన్యాలో. అందరికీ నమస్కారం, సమారియా లోయ నడిచినవాళ్ల సలహా కావాలి.

పూర్తి దారి 16 కి.మీ. ఒమాలోస్ దగ్గర సుమారు 1,200 మీటర్ల ఎత్తున మొదలై, సముద్రం ఒడ్డున అయా రూమెలి ఊళ్లో ముగుస్తుంది. అంతా దిగుడే కాబట్టి సులువనుకుంటారు గానీ, మోకాళ్లకు అసలు పరీక్ష అదే. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిటారుగా మెట్లు, వదులు రాళ్లు. సగం దూరం దిగాక కాలు బెణికితే వెనక్కి ఎక్కలేం, బండి రాదు. చివర్లో అయా రూమెలికి రోడ్డే లేదు. సాయంత్రం పడవ తప్పితే రాత్రి అక్కడే.

నాన్నకు 64, అమ్మకు మోకాలి నొప్పి. అందుకే ముందుగా పడవలో అయా రూమెలి చేరి, లోయ బాగా ఇరుకయ్యే పోర్తెస్ దాకా నడిచి తిరిగి రావాలని ఆలోచన. అక్కడ గోడల మధ్య దూరం నాలుగు మీటర్లే.

సూయా నుంచి పడవ ఎక్కితే మంచిదా, హోరా స్ఫాకియోన్ నుంచా? హన్యా నుంచి పొద్దున బస్సు పడవ వేళకు అందుతుందా? పోర్తెస్ దగ్గర వాగు దాటేచోట చెక్క వంతెనలు అమ్మ దాటగలిగేలా ఉంటాయా? వాన సూచన ఉంటే రాళ్లు పడతాయని లోయ మూసేస్తారు కదా, ఆ సంగతి ముందురోజే తెలుస్తుందా?