ప్రార్థన మొదలుపెట్టగానే ఆమె బిగుసుకుపోతున్నారు

ఆరాధన ముగిశాక, ప్రార్థన కోరేవారితో కూర్చునే సేవలో ఎనిమిది నెలలుగా ఉన్నాను. ఒక్కొక్కరికి 20 నిమిషాలు. మొదట్లో ఎదుటివారు రెండు మాటలు చెప్పగానే బైబిల్ వాక్యం ఎత్తుకునేవాడిని. అదీ, "అంతా మన మేలుకే" అనడమూ మానేశాను. విన్నదాన్ని వారి మాటల్లోనే తిరిగి చెప్పి, సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడుగుతున్నాను. ప్రార్థించడానికి ముందే అనుమతి తీసుకుంటున్నాను.

వినడం కాస్త అబ్బింది. చిక్కంతా ప్రార్థన దగ్గరే. ఈమధ్యే బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి వరుసగా మూడు ఆదివారాలు వచ్చారు. పది పన్నెండు నిమిషాలు ఏడుస్తూ మాట్లాడతారు, దేవుడి మీద కోపాన్నీ దాచుకోరు. ప్రార్థించమని ఆమే అడుగుతారు. తీరా నేను "ప్రభువా" అనగానే బిగుసుకుపోతారు. ఆమేన్ అనగానే "వందనాలండి" అని లేచి వెళ్లిపోతారు.

మొదటిసారి ఆదరణ కోసం ప్రార్థించాను. రెండోసారి రెండే వాక్యాల ప్రార్థనతో ముగించాను. మూడోసారి 13వ కీర్తన చదివాను. ఎన్నాళ్లని నిలదీస్తూ మొదలయ్యే ఆ కీర్తన చివరికి పాటలోకి మళ్లుతుంది. సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఆమె ముఖం తిప్పుకున్నారు. చివరిదాకా చీకటిలోనే ఉండే 88వ కీర్తన చదవడానికి (నిజం చెప్పాలంటే) నాకే ధైర్యం చాలలేదు. బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు పక్కన అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నారు, నోరు తెరిచాకే చెడగొట్టారు.

ఆమె కౌన్సిలర్ దగ్గరకూ వెళ్తున్నారు, కాబట్టి ఆ సలహా అవసరం లేదు. ఇలాంటి దుఃఖంలో ఉన్నవారితో ప్రార్థించినవారు చెప్పండి: వచ్చే ఆదివారం ఆమె కోపాన్ని ఉన్నదున్నట్టు దేవుని ముందుంచి, ఆశాభావపు ముగింపు లేకుండా ఆపేయాలా, లేక పైకి ప్రార్థించకుండా మౌనంగా పక్కన కూర్చోవాలా?